పనులు ఆపే అరవై రోజుల గురించి

సంపాదకులకు నమస్కారం.

గ్రామీణ ఉపాధి హామీ చట్టం స్థానంలో 2025 డిసెంబరులో పార్లమెంటు ఆమోదించిన వీబీ-జీ రామ్ జీ (వికసిత్ భారత్ - గ్యారంటీ ఫర్ రోజ్‌గార్ అండ్ ఆజీవికా మిషన్ - గ్రామీణ్) చట్టంపై చర్చంతా పని దినాలు 100 నుంచి 125కు పెరగడం గురించీ, ఖర్చులో 40 శాతం రాష్ట్రాలు భరించవలసి రావడం గురించీ సాగుతోంది. విత్తనాల వేళ, కోతల వేళ ఏడాదికి మొత్తం 60 రోజులు పనులు ఆపాలన్న నిబంధనను మాత్రం రైతుకు మేలు చేసేదన్న ఒక్క మాటతో వదిలేస్తున్నారు. అనంతపురం జిల్లాలో వేరుశనగ పండిస్తూ, కలుపు తీయడానికీ చెట్లు పీకి కాయలు తెంపడానికీ ఏటా కూలీలను పిలుచుకునే రైతుగా ఆ నిబంధనతో నేను ఏకీభవించలేను.

ఉపాధి హామీ పథకం 2006 ఫిబ్రవరి 2న మా జిల్లాలోని బండ్లపల్లిలోనే మొదలైంది. ఊళ్లో దాన్ని ఇప్పటికీ కరువు పని అనే అంటారు. అంతకుముందు కూలి ఎంతో తేల్చేది పొలమున్న మేమే. అది చాలదనుకున్నవారు బెంగళూరు బస్సెక్కాలి. చంటిబిడ్డలున్న ఆడవాళ్లకు ఆ దారీ లేదు. ఆడా మగా తేడా లేకుండా ఒకే రేటు కట్టే పని ఊరి పొలిమేరలోనే దొరకడం మొదలయ్యాకే, ఇంతిస్తేనే వస్తామని ఆడకూలీలు మా ముందు నిలబడి చెప్పగలిగారు. అది మాకు భారమైంది, నిజమే. కానీ అంతకుముందు మేము ఇచ్చినది న్యాయమైన కూలి కాదన్నదీ అంతే నిజం.

కూలీల వేతన చెల్లింపులను స్మార్ట్‌కార్డులతో మెరుగుపరిచినప్పుడు ఏం జరిగిందో ఉమ్మడి రాష్ట్రంలో, మా జిల్లాతో సహా 8 జిల్లాల్లోని 157 మండలాల్లో ఆర్థికవేత్తలు కార్తీక్ మురళీధరన్, పాల్ నీహాస్, సందీప్ సుఖ్‌తంకర్ పరిశీలించారు. 2023లో వెలువడిన వారి పరిశోధన ప్రకారం పథకంలో ఉన్న కుటుంబాల ఆదాయం 14 శాతం పెరగగా, ఆ పెరుగుదలలో 86 శాతం పథకం డబ్బు కాదు, బయటి పనుల్లో వచ్చినది. బయట కూలి రేట్లు పెరిగాయి. అయినా పనులు తగ్గలేదు, పెరిగాయి.

మా ప్రాంతంలో కరువు పని ఎక్కువగా సాగేది ఎండాకాలంలో. విత్తనాల, కోతల రోజుల్లో దానికి వెళ్లేవారు ఎటూ కొద్దిమందే. అయినా కావాలంటే పని అడగవచ్చన్న హక్కు ఉండడమే ఆ రోజుల్లో కూలి బేరానికి ఆధారం. సరిగ్గా బేరం జరిగే వారాల్లోనే ఆ హక్కును పక్కన పెడితే, మిగతా పది నెలలు అది ఉన్నా కూలి రేటుపై దాని ప్రభావం చాలావరకు పోతుంది.

కూలీల ఖర్చు మోయలేక సన్నకారు రైతు నలిగిపోతున్నాడన్నది నాకు స్వానుభవం. అయితే ఆ నష్టానికి మూలం కాయకు మద్దతు ధర అందకపోవడంలో, వానలు నమ్మకంగా లేకపోవడంలో ఉంది. మా కంటే పేదవారి కూలి తగ్గించి దాన్ని పూడ్చమని మేము ఎవరినీ అడగలేదు.

కేంద్రం ఈ నిబంధనను తొలగించాలి. అంతవరకూ, నిలిపివేత తేదీలను ప్రాంతాలవారీగా ప్రకటించే వెసులుబాటు రాష్ట్రాలకు ఉంది కనుక, ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ప్రభుత్వాలు రెండూ రాష్ట్రమంతటికీ ఒకే తేదీలు రుద్దకుండా గ్రామసభలను అడిగి నిర్ణయించాలి. వాన రాక విత్తనం పడని ఏడాది మా మెట్ట మండలాల్లో పొలం పనీ ఉండదు, కరువు పనీ ఉండదు. అలాంటి మండలాల్లో నిలిపివేతను వెంటనే ఎత్తివేస్తామని ఖరీఫ్ మొదలు కాకముందే ఉత్తర్వు ఇవ్వాలి.

— ఒక వేరుశనగ రైతు, అనంతపురం జిల్లా