వేళ్ల మీద మచ్చల గురించి

తల్లిదండ్రులందరికీ నమస్కారం.

సోమవారం తొమ్మిదో తరగతి పిల్లలు వేళ్ల మీద నల్ల మచ్చలతో ఇంటికొచ్చేసరికి మీరు టెన్షన్ పడ్డారని తెలిసింది. అది ప్రయోగంలో వాడిన సిల్వర్ నైట్రేట్ అనే వెండి లవణం మరక. చర్మానికి అంటుకుని వెలుతురు తగిలితే నల్లబడుతుంది. సబ్బుకు వదలదు, పైచర్మం రాలేకొద్దీ కొన్ని రోజుల్లో అదే పోతుంది. తప్పు మాదే. ప్రయోగమంతా గ్లవుజులతో చేయించి, అవి విప్పేశాక గాజు సామాను కడిగించాం. ఇకపై అలా జరగనివ్వను.

పిల్లలు ఆ రోజు చేసినవి వెండి నానోకణాలు, అంటే కంటికి కనిపించనంత చిన్న వెండి రేణువులు. వీటి తయారీలో సోడియం బోరోహైడ్రైడ్, హైడ్రజీన్ లాంటి రసాయనాలు వాడుతుంటారు. హైడ్రజీన్ అయితే విషమే. మన పిల్లలు గుప్పెడు వేపాకులు నీళ్లలో మరిగించి, వడకట్టి, ఆ కషాయాన్నే సిల్వర్ నైట్రేట్ ద్రావణంలో కలిపారు. ఆకులోని పాలీఫెనాళ్ల లాంటి పదార్థాలు ద్రావణంలో కరిగి ఉన్న వెండి అయాన్లను వెండి లోహంగా మారుస్తాయి. కణాల చుట్టూ పొరలా పట్టి, అవి ముద్దకట్టకుండా కాపాడేవీ ఆకు పదార్థాలే. 2004లోనే పుణెలోని జాతీయ రసాయన ప్రయోగశాల శాస్త్రవేత్తలు వేపాకుతో ఈ పని చేసి చూపించారు. పరీక్షనాళికలో లేత పసుపు ముదిరి గోధుమ రంగుకు తిరుగుతుంటే క్లాసులో చప్పుడు లేదు. విషం లేకుండా అయ్యే పనికి విషం ఎందుకు వాడాలి? ఈ ప్రశ్న పద్నాలుగేళ్లకే వాళ్ల బుర్రలో పడాలని నా పట్టుదల.

ఇద్దరమ్మాయిలు ఐదేసి నిమిషాలకు రంగు ఎలా మారిందో పట్టిక రాశారు, ఒక్క గడి కూడా వదల్లేదు. ఎప్పుడూ నోరు విప్పని ఒక అబ్బాయి లేచి, "ఇది సింకులో పారబోస్తే నీళ్లలో బతికేవాటికి ఏమవుతుంది మేడమ్?" అన్నాడు. నాకు కళ్లు చెమర్చాయి. ఆకుతో చేసినా వెండి వెండే, నీటిలోని సూక్ష్మజీవులను చంపుతుంది. ఆ అబ్బాయే సీసా తెచ్చి మిగిలినదంతా పోగుచేశాడు. వాడకుండా మిగిలిన సిల్వర్ నైట్రేట్‌లో ఉప్పునీళ్లు పోయగానే, అందులోని వెండి ఉప్పుతో కలిసి తెల్లగా పెరుగు తరకల్లా విరిగి అడుగుకు దిగింది. అదీ దాచాం.

మీతో ఒక మాట. మచ్చల సంగతి ఆ సాయంత్రమే డైరీలో రాయించి పంపాం. రాత్రి పదకొండింటికి గ్రూపులో ఫోటోలు పెట్టేముందు డైరీ ఒక్కసారి తెరిచి ఉంటే బాగుండేది. కొందరు బ్లీచింగ్ పౌడర్‌తో తోమారట. మచ్చ పోకపోగా వేళ్లు ఎర్రగా కందిపోయాయి. దయచేసి అలా చేయకండి. డైరీలో సంతకం పెట్టేముందు చదవండి.

యూనిట్ పరీక్షలు వచ్చే వారం, లైబ్రరీ పుస్తకాలు శుక్రవారంలోగా ఇచ్చేయాలి.

రెండో బ్యాచ్ ప్రయోగం గురువారం. పొడుగు చేతుల పాత చొక్కా ఒకటి పంపండి.

మీ
ప్రధానోపాధ్యాయురాలు