ఆ కవరు పారేయకండి

సంపాదకులకు,

మెడికల్ డివైస్ కంపెనీల్లో ఉద్యోగాలంటే పత్రికల్లో ఎప్పుడూ డిజైన్, రోబోలు, ఏఐ మాటే. నానక్‌రామ్‌గూడలోని మెడ్‌ట్రానిక్ కేంద్రం మొదలు విశాఖ మెడ్‌టెక్ జోన్ దాకా ఆ పనులూ ఉన్నాయి, కాదనం. కానీ ఇలాంటి పెద్ద కంపెనీని నిలబెట్టేది కంప్లైంట్ ఫైలు, అంటే పరికరం మీద వచ్చిన ఫిర్యాదునూ దాని విచారణనూ రాసిపెట్టే ఫైలు. దాని గురించి ఎవరూ రాయరు.

కంప్లైంట్ అంటే లెటర్‌హెడ్ మీద రావాలనేం లేదు. కారిడార్‌లో డాక్టరుగారు సేల్స్ కుర్రాడితో "నిన్న రాత్రి మీ పంపు మొరాయించిందయ్యా" అన్నా కంప్లైంటే. ఉద్యోగుల్లో ఏ ఒక్కరికి తెలిసినా కంపెనీకి తెలిసినట్టే, గడువు అప్పుడే మొదలవుతుంది. అమెరికాలో అమ్మే పరికరమైతే మరణం, తీవ్ర గాయం, మళ్లీ జరిగితే వాటికి దారితీయగల లోపం - వీటిని అక్కడి నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏకు 30 రోజుల్లో తెలపాలి. మన 2017 మెడికల్ డివైసెస్ రూల్స్ ప్రకారం ఊహించని తీవ్ర దుష్ఫలితమని అనుమానమొస్తే 15 రోజులే.

ఇంత హడావుడిలో ఆసుపత్రి నుంచి వచ్చే సమాచారం తరచూ ఒక్క ముక్క: "పంపు పనిచేయట్లేదు." సిరంజిలోని మందును కొద్దికొద్దిగా రోగికి ఎక్కించే ఐసీయూ సిరంజి పంపునే తీసుకోండి. లోపల ఎంత మందు పోతోందో దానికి కనిపించదు. ప్లంజర్‌ను (సిరంజి వెనక తోసే కడ్డీని) ఎంత దూరం తోసిందో మాత్రమే తెలుసు. ఆ దూరాన్ని మిల్లీలీటర్లుగా మార్చేది స్క్రీన్ మీద ఎంచుకున్న సిరంజి బ్రాండు. 26 మి.మీ. లోపలి వ్యాసమున్న బ్రాండును ఎంచుకుని 28 మి.మీ. సిరంజి బిగిస్తే, మందు 16 శాతం ఎక్కువ పోతుంది. అలారం మోగదు. బీపీ పెంచే నోరాడ్రినలిన్ మందు ఎక్కుతున్న రోగికి బీపీ మీద ఆ తేడా కనిపిస్తుంది. పంపును వెనక్కి తెప్పించి సరైన సిరంజితో బెంచి మీద నడిపితే అంతా బాగానే ఉంటుంది. ఫైల్లో "లోపం కనబడలేదు" అని పడుతుంది. ఆ రాత్రి బిగించిన సిరంజి ఏదో తెలిస్తే కథ వేరు. దాని కవరు మీద బ్రాండు, లాట్ (తయారీ బ్యాచి) నంబరు ఉంటాయి. కవరేమో సిరంజి బిగించిన నిమిషానికే చెత్తబుట్టలో!

ఇంకో ఆధారం పంపు లోపలి లాగ్. ఏ మీట ఎప్పుడు నొక్కారో, ఏ అలారం ఎప్పుడు మోగిందో అందులో ఉంటుంది. కానీ దాని జాగా పరిమితం. అదే పంపును ఇంకో బెడ్‌కు పెట్టి రోజుల తరబడి నడిపితే పాత ఎంట్రీలు చెరిగిపోతాయి. పంపు గడియారం అరగంట తప్పు చూపిస్తుంటే కేస్‌షీటులోని టైముకూ లాగ్‌కూ పొంతన కుదరదు.

కంపెనీల వైపూ తప్పుంది. "వాడినవాళ్ల పొరపాటు" అని రాసి ఫైలు మూసేయడం అన్నిటికంటే సులువు. సిస్టర్ తప్పు బ్రాండు ఎంచుకున్నారు సరే, ఎందుకు? స్క్రీన్ మీద నిన్నటి బ్రాండే ముందుగా కనిపిస్తోందా? ఆసుపత్రి స్టోరు కొత్త టెండరుతో సిరంజిలు మార్చి వార్డుకు చెప్పలేదా? ఈ ప్రశ్నలు అడగని ఫైలు మూతపడలేదనే మా లెక్క.

ఆసుపత్రుల్లోని బయోమెడికల్ సిబ్బందికీ, సిస్టర్లకూ మనవి. ఏదైనా తేడా జరిగితే ముందు రోగిని వేరే పంపు మీదికి మార్చండి. పాత పంపు స్క్రీనునూ గోడ గడియారాన్నీ ఒకే ఫొటోలో తీయండి. తర్వాత దాన్ని ఆపి, "వాడొద్దు" అని చీటీ అంటించి పక్కన పెట్టండి. సిరంజి, లైను (మందు వెళ్లే గొట్టం), వాటి కవర్లు దొరికితే విడిగా ఓ సంచిలో దాచండి. రక్తం అంటినవాటిని మామూలు కొరియర్‌లో పంపొద్దు, ఎలా పంపాలో కంపెనీని అడగండి. కంపెనీ పలకకపోతే గాజియాబాద్‌లోని ఇండియన్ ఫార్మకోపియా కమిషన్ నడుపుతున్న, 2015లో మొదలైన మెటీరియోవిజిలెన్స్ (వైద్య పరికరాల దుష్ఫలితాల నిఘా) కార్యక్రమానికి ఆసుపత్రే నేరుగా రాయవచ్చు.

- కొందరు బయోమెడికల్ ఇంజినీర్లు, హైదరాబాద్