విషయం: రాగి ఎలక్ట్రోడుల గురించి అడిగిన ప్రశ్నకు జవాబు ఇవ్వకపోవడంపై ఫిర్యాదు

వినియోగదారుల సేవా విభాగాధిపతి గారికి,

అయ్యా,

మీరు పంపిన రాగి ఎలక్ట్రోడులు సరిగా పనిచేయకపోవడం ఈ లేఖకు అసలు కారణం కాదు. ప్రయోగం విఫలం కావడం మాకు కొత్త కాదు. ఆ రాగిలో ఏ మలినాలున్నాయని అడిగిన ఒకే ఒక్క ప్రశ్నకు జవాబు చెప్పకుండా మీ సిబ్బంది మమ్మల్ని నెలల తరబడి ఒకరి దగ్గర నుంచి మరొకరి దగ్గరకు తిప్పడమే నా ఆగ్రహానికి కారణం.

కార్బన్ డయాక్సైడును విద్యుత్తుతో, ప్లాస్టిక్ తయారీకి వాడే ఇథిలీన్ వాయువుగా మార్చే పని మాదని చెబుతుండగానే, మొదట ఫోనెత్తిన ఉద్యోగి మధ్యలో ఆపి ప్యాకెట్ ఫొటో పంపమన్నారు. పంపాను. తర్వాత వచ్చిన ఈమెయిల్‌లో ప్లగ్గు సరిగా పెట్టారా అని అడిగారు. అది మరేదో పరికరం కోసం రాసిపెట్టుకున్న జవాబని చదవగానే తెలిసిపోయింది. సాంకేతిక విభాగం వారు అమ్మకాల విభాగాన్ని అడగమన్నారు, అమ్మకాల ప్రతినిధి "99.9 శాతం స్వచ్ఛమైన రాగి అని సర్టిఫికెట్‌లో ఉంది కదండీ" అని ఫోను పెట్టేశారు. చివరికి నా ఫిర్యాదు పరిష్కారమైందని సందేశం వచ్చింది. ఎవరు, ఏం పరిష్కరించారో అందులో లేదు.

మిగిలిన ఆ 0.1 శాతంలో ఏముందన్నదే నా ప్రశ్న. వెండి, బంగారం మీద ప్రధానంగా కార్బన్ మోనాక్సైడు, తగరం మీద ఫార్మేట్ (ఫార్మిక్ ఆమ్లపు లవణ రూపం) వస్తాయి; ఇథిలీన్, ఇథనాల్ వంటివి చెప్పుకోదగ్గ మోతాదులో ఇచ్చే లోహం రాగి అని 1980లలో జపాన్‌లో యోషియో హోరి బృందం చూపినప్పటి నుంచి ఈ రంగం చాలావరకు దాని చుట్టూనే తిరుగుతోంది. అయితే ఇనుము వంటి లోహం లేశమాత్రం పైన పేరుకున్నా రాగి ఆ గుణం కోల్పోయి, ఎక్కువగా హైడ్రోజన్‌నే ఇవ్వడం మొదలుపెడుతుంది. వాయువులను వేరుచేసి కొలిచే మా గ్యాస్ క్రొమాటోగ్రాఫ్‌లో కనిపించింది అదే: నమూనా నమూనాకూ ఇథిలీన్ పీక్ (దాని మోతాదును చూపే శిఖరం) కుంగిపోతూ, హైడ్రోజన్ పీక్ పెరుగుతూ వచ్చింది. ఎలక్ట్రోడు మునిగి ఉండే ఎలక్ట్రోలైట్ ద్రావణాన్ని శుద్ధి చేసి, మీ పాత బ్యాచ్ ఎలక్ట్రోడుతో పోల్చి చూశాకే మీకు రాశాను. మలినం సంగతి తేలనిదే, ఉత్ప్రేరకం మీద మేము చేసిన మార్పు ఫలించిందో లేదో చెప్పలేం. ఒక పరిశోధక విద్యార్థిని పని మొత్తం అక్కడే నిలిచిపోయింది.

మా ప్రయోగశాల మొదలైనప్పటి నుంచి మీ సరుకే వాడుతున్నాం. తక్కువ ధరకు ఇస్తామన్నవారిని కాదని మీ దగ్గరే కొన్నాం. సలహా అడిగిన ప్రతి ఒక్కరికీ మీ పేరే చెప్పాం. అన్నేళ్ల నమ్మకానికి కనీసం ఒక సమాధానమైనా దక్కాలి కదా!

డబ్బు వాపసు ఇస్తామంటే నేను ఒప్పుకోను. ఆ బ్యాచ్‌లోని లోహ మలినాల విశ్లేషణ నివేదిక పంపండి. దాన్ని చదివి వివరించగల రసాయన శాస్త్రజ్ఞులెవరితోనైనా మాట్లాడించండి. ఈసారి కూడా మౌనంగా ఉంటే, మీకు ఇవ్వవలసిన ఆర్డర్లన్నీ ఆపించి, ఈ ఉత్తరప్రత్యుత్తరాలను ఇదే రంగంలో పనిచేసే తోటి పరిశోధకులందరికీ పంపుతాను.

ఇట్లు,
ప్రయోగశాల బాధ్యుడు