పల్లె సేవ ఫొటో వేసేముందు ఇవి కూడా అడగండి

సంపాదకులు గారికి నమస్కారం.

సెలవుల్లో మన కాలేజీ పిల్లలు కొందరు నేపాల్ పల్లెలకు వాలంటీర్లుగా వెళ్తున్నారని ఈమధ్య మీ జిల్లా పేజీలో ఫొటోతో వేశారు. వెళ్లడం మంచిదే. నేనూ వెళ్లొచ్చాను, అందుకే రాస్తున్నాను.

మాది కళ్యాణదుర్గం దగ్గర పల్లె. చిన్నప్పుడు మా కాలనీకి ఆర్డీటీ (స్పెయిన్ నుంచి వచ్చిన విన్సెంట్ ఫెర్రర్ గారు మన జిల్లాలో పెట్టిన సేవా సంస్థ) తరఫున స్పెయిన్ వాళ్లు చూడ్డానికి వచ్చేవాళ్లు. ఆ రోజు మా అమ్మ తలకు నూనె రాసి రెండు జడలు వేసి పంపేది, బంతిపూల దండలు పట్టుకుని వరసగా నిలబడేవాళ్లం. వాళ్లు ఒక పూట ఉండి వెళ్లిపోయేవాళ్లు. సాయంత్రం బడిలో మాకు లెక్కలు చెప్పింది మాత్రం పక్క ఊరి అన్న. ఫెర్రర్ గారు 1969లో అనంతపురం వచ్చి 2009లో కన్నుమూసేదాకా ఇక్కడే ఉండిపోయారు, నలభై ఏళ్లు. ఆయన పని ఇన్నేళ్లు నిలబడిందంటే ఆ అన్నలాంటి మన ఊళ్లవాళ్లు దాన్ని చేతుల్లోకి తీసుకోవడం వల్లేనని నా నమ్మకం.

నేను బీకాం చదివి బెంగళూరులో అకౌంట్స్ పని చేస్తున్నాను. 2023లో ఒక సంస్థకు ఫీజు కట్టి నేపాల్‌లో గోర్ఖా జిల్లాలోని ఒక కొండ ఊరికి మూడు వారాలు వెళ్లాను. నాకిచ్చిన పని ఇంగ్లిష్ చెప్పడం. నీకు పాఠం చెప్పడం వచ్చా అని ఎవరూ అడగలేదు. మొదటిరోజు బడి గేటు దగ్గర పిల్లలు బంతిపూల మాలలతో వరసగా నిలబడి ఉంటే నాకు గొంతు పట్టేసింది, ఆ వరసలో నేనే కనిపించాను. నేను చెప్పిన పాఠమే అంతకుముందు వచ్చినవాళ్లూ చెప్పి వెళ్లారట, పిల్లలకు కంఠతా వచ్చు. వాళ్ల టీచర్, పాపం, తన క్లాసులోనే వెనక బెంచీలో కూర్చున్నారు. ఫీజులో బడికి ఎంత ముట్టిందని హెడ్మాస్టర్‌ను అడిగితే, మేము ఫీజు కట్టి వస్తామన్న సంగతే ఆయనకు తెలియదు.

నేను ఉన్న ఇంటి దీదీ వాళ్లాయన ఖతార్‌లో ఉంటాడు, మన రాయచోటి, కదిరి వైపు నుంచి కువైట్ పోయినట్టే అక్కడా ఇంటికొకరు గల్ఫ్ బాట పట్టారు. రాత్రిపూట ఆమె ఢిండో వండేది, కోదో పిండితో. కోదో అంటే మన రాగులే, ముద్ద నోట్లో పెట్టుకోగానే అచ్చం మన సంగటి! అలా పొయ్యి దగ్గర మాటల్లో ఒకరోజు ఆమె భర్త కొత్త ఉద్యోగం కాగితం తెచ్చి చదవమంది. అంతా ఇంగ్లిష్‌లో ఉంది, ఓవర్‌టైమ్ ఎంత, టికెట్ ఎవరు కొంటారు, ఒక్కొక్క లైనూ హిందీలో చెప్పాను. మర్నాడు ఇంకో ఇద్దరు కాగితాలు తెచ్చారు. తర్వాత ఆ ఊరి ఆడవాళ్ల పొదుపు గుంపు లెక్కల పుస్తకం నా ముందుకొచ్చింది, అది మా అమ్మ వాళ్ల సంఘం పుస్తకంలాంటిదే, వడ్డీ దగ్గర తేడా పడుతోంది, కూర్చుని సరిచేశాం. ఆ ఊరికి నాతో ఉన్న పని అదీ. అది తెలిసేసరికి నేను తిరిగొచ్చే రోజు దగ్గరపడింది.

ఇంకోటి, అనాథాశ్రమాల్లో పని అని చెప్తే మన కాలేజీ పిల్లలు ముందే ఆగాలి. నేపాల్‌లో తల్లిదండ్రులున్న పిల్లల్ని కూడా చదువు పేరుతో తెచ్చి, వచ్చిపోయేవాళ్ల డబ్బు కోసం ఆశ్రమాల్లో ఉంచిన సంగతి బయటపడింది, 2015 భూకంపం తర్వాత యునిసెఫ్ కూడా హెచ్చరించింది.

కాబట్టి సార్, ఇకమీదట ఇలాంటి వార్త వేసేటప్పుడు మీ విలేకరి నాలుగు మాటలు అడిగి రాస్తే బాగుంటుంది. ఆ పని ఊరివాళ్లు అడిగిందేనా, ఆ పని వీళ్లకు వచ్చా, వీళ్లు వచ్చేశాక ఎవరు చేస్తారు, కట్టిన ఫీజులో ఊరికి ఎంత పోతుంది. చదివే అమ్మానాన్నలు కూడా డబ్బు కట్టేముందు ఇవే అడుగుతారు.

ఆ బడి టీచర్ మొన్న నాకు వాట్సాప్‌లో మెసేజ్ పెట్టారు. కోతలయ్యాక ఆడవాళ్లకు తీరిక ఉంటుంది, వస్తే ఇద్దరు అమ్మాయిలకు పొదుపు లెక్కల పుస్తకం రాయడం నేర్పి పొమ్మన్నారు. ఈసారి సంస్థ ద్వారా కాదు, నేరుగా వెళ్తున్నాను, రెండు నెలలు సెలవు అడిగాను. నేపాలీ నేర్చుకుంటున్నాను.

ఇట్లు,
ఒక పాఠకురాలు,
కళ్యాణదుర్గం, అనంతపురం జిల్లా