రాతి దుమ్ము, సిలికోసిస్: మన సంఘం వార్షిక నివేదిక

సభ్యులందరికీ నమస్కారం.

ఈ ఏడాది మన పని చాలావరకు సిలికోసిస్ చుట్టూనే, అంటే రాతి దుమ్ము పీల్చడంతో వచ్చే ఊపిరితిత్తుల జబ్బు చుట్టూనే తిరిగింది. జమాఖర్చుల పట్టిక ఆఫీసు గోడకు అంటించాం, చూసుకోండి.

కటింగ్ షెడ్లు తిరిగి చూస్తే చాలాచోట్ల నీళ్ల పైపు ఉంది, ధార మాత్రం బ్లేడు పక్కన పడుతోంది. బ్లేడు రాయిని కోసే చోటే తడవాలి. చేతి మిషన్‌కు నిమిషానికి కనీసం అర లీటరు నీళ్లు కావాలి. నాజిల్‌లో బురద పేరుకుంటే ధార సన్నబడుతుంది, అందుకే పని మొదలెట్టేముందు సన్న తీగతో గుచ్చి చూడాలి. నేల మీది బురదను తడి ఆరకముందే ఎత్తేయాలి. ఎండితే మర్నాడు చీపురు తగలగానే మళ్లీ దుమ్మై లేస్తుంది. కంప్రెసర్ గాలితో బట్టలు దులుపుకునే అలవాటు మాత్రం ఎంత చెప్పినా పోవడం లేదు.

వ్యాపారంలో అన్ని రాళ్లనూ గ్రానైట్ అనే అంటారు. నిజానికి చీమకుర్తి గెలాక్సీ రాయి గాబ్రో అనే వేరే జాతిది, అందులో క్వార్ట్జ్ (సిలికోసిస్ తెచ్చే ఖనిజం) తక్కువ. కరీంనగర్ టాన్ బ్రౌన్ అసలు గ్రానైట్, క్వార్ట్జ్ ఎక్కువ. ఆ రాయి కోసేచోట ఇంకా జాగ్రత్త కావాలి.

ఎన్95 మాస్కులు పంచాం. రెండు చేతులతో మాస్కు మూసి గట్టిగా ఊదితే అంచుల్లోంచి గాలి రాకూడదు. గడ్డం పెంచితే మాస్కు ముఖానికి అతకదు. తువాలు కట్టుకుంటే కంటికి కనబడే దుమ్ము ఆగుతుంది, ఊపిరితిత్తుల లోతుకు చేరే సన్నపొడి ఆగదు. నీళ్లు లేనిచోట మాస్కు ఒక్కదాన్నే నమ్ముకోవద్దు.

వైద్యం విషయంలో ఇబ్బందంతా టీబీతోనే. సిలికోసిస్, టీబీ రెండింటి మచ్చలూ ఎక్కువగా ఊపిరితిత్తుల పైభాగంలోనే పడతాయి, అందుకే సిలికోసిస్‌ను టీబీ అని పొరబడతారు. కఫంలో క్రిమి దొరక్కపోయినా ఎక్స్‌రే చూసి టీబీ మందులు ఇస్తారు, కోర్సు పూర్తయినా ఆయాసం తగ్గదు. అలాగని టీబీ లేదనుకోకూడదు, సిలికోసిస్ ఉన్నవాళ్లకు అది తేలిగ్గా పట్టుకుంటుంది. కఫ పరీక్ష తప్పదు. ఓపీ చీటీలో ‘కూలి’ అని రాస్తే ఊరుకోకండి. ‘గ్రానైట్ కటింగ్, 14 ఏళ్లు, నీళ్లు లేకుండా’ అన్నట్టు మీ పని, మీ ఏళ్లు రాయించుకోండి.

సిలికోసిస్‌కు నయం చేసే మందు లేదు. పని మానేశాక కూడా ముదరవచ్చు. 1923 నాటి పరిహార చట్టంలోనే దీన్ని వృత్తి వ్యాధిగా గుర్తించారు. పలువురు యజమానుల దగ్గర పనిచేసినవాళ్లూ పరిహారం అడగవచ్చు. దరఖాస్తులు ఆగిపోతున్నది పని చేసినట్టు రుజువు లేకనే. పాత కూలి చీటీలు, గుర్తింపు కార్డులు, పీఎఫ్ కాగితాలు ఏవున్నా ఆఫీసుకు తెండి, జిరాక్స్ తీసి ఫైలు కడతాం.