రొయ్యల ప్లాంట్ లో చేసేవాడికి హోటల్ రెజ్యూమె అంటగట్టారు, నా డబ్బులు నాకు ఇవ్వండి

కస్టమర్ కేర్ / గ్రీవెన్స్ ఆఫీసర్ గారికి,

విషయం: 5,899 రూపాయలు కట్టించుకుని నాది కాని రెజ్యూమె ఇవ్వడం, పూర్తి రిఫండ్ గురించి.

నమస్తే అండి. ఆర్డర్ నంబరు, యూపీఐ స్క్రీన్‌షాట్, మీరు పంపిన ఫైలు, మీవాళ్లతో వాట్సాప్ చాట్ అన్నీ ఈ మెయిల్ కి అటాచ్ చేశాను, మళ్లీ "డీటెయిల్స్ పంపండి సార్" అనొద్దు.

నేను భీమవరం దగ్గర ఒక రొయ్యల ఎక్స్‌పోర్ట్ ప్లాంట్ లో క్వాలిటీ సెక్షన్ లో నాలుగేళ్లుగా చేస్తున్నాను. 2025 ఆగస్టులో అమెరికా వాడు మన సరుకు మీద సుంకం 50 శాతానికి తీసుకెళ్లాక మా ప్లాంట్ లో షిఫ్టులు తగ్గించేశారు, ఓటీ (ఓవర్‌టైం) పోయింది, అందుకే వైజాగో చెన్నయో వేరే ఫుడ్ కంపెనీ చూసుకుందామని, రెజ్యూమె రాసిస్తామన్న మీ యాడ్ చూసి కట్టాను. "మా ఎక్స్‌పర్ట్ మీతో వివరంగా మాట్లాడి, మీ పని తెలుసుకుని రాస్తారు" అని యాడ్ లో ఉంది. ఫోన్ చేసినాయన పేరు, డిగ్రీ, ఎక్స్‌పీరియన్స్ అడిగాడు, నేను పని గురించి మొదలుపెట్టేసరికి "అదంతా మేం చూసుకుంటాం సార్" అని పెట్టేశాడు. చూసుకున్నది ఇదిగో.

మొదటి లైనులోనే నేను "ఆతిథ్య రంగంలో డైనమిక్ ప్రొఫెషనల్" అంట. కింద "గెస్ట్ సాటిస్‌ఫ్యాక్షన్ 35 శాతం పెంచాను" అని ఉంది. మా ప్లాంట్ కి వచ్చే గెస్టులు రొయ్యలేనండి, ఐసు ట్రేల్లో లారీ ఎక్కి వస్తాయి, వాటి సాటిస్‌ఫ్యాక్షన్ ఎలా కొలిచారో మీ ఎక్స్‌పర్ట్ గారే చెప్పాలి. ఎవరో హోటల్ కుర్రాడికి రాసిన దాంట్లో పేరు మార్చి నాకు పంపారని చదివిన ఎవరికైనా తెలిసిపోతుంది.

నేను నిజంగా చేసేది ఒక్కసారి అడిగి ఉంటే సరిపోయేది. సరుకు దిగగానే టెంపరేచర్ 4 డిగ్రీల లోపు ఉందా చూడాలి, కిలోకి ఎన్ని తూగుతున్నాయో కౌంట్ తీయాలి, బ్లాక్ స్పాట్ (నల్ల మచ్చలు), సాఫ్ట్ షెల్ (మెత్తటి పెంకు) ఉన్నవి వేరు చేయించాలి, నైట్రోఫ్యూరాన్, క్లోరాంఫెనికాల్ లాంటి యాంటీబయాటిక్స్ లేవని రిపోర్టు క్లియర్ గా లేకపోతే ఆ లాటు ముట్టుకోకూడదు, ఎందుకంటే అవతలి దేశం పోర్టులో దొరికితే కంటైనర్ మొత్తం వెనక్కి వస్తుంది. ప్యాకింగ్ దగ్గర మెటల్ డిటెక్టర్ కి టెస్ట్ పీసులు పెట్టి సరిగ్గా పట్టుకుంటుందో లేదో చూసి రాసుకోవాలి, కోల్డ్ స్టోరేజ్ మైనస్ 18 దాటి పైకి రాకూడదు. హాసప్ (తిండి సరుకులో ప్రమాదం ఎక్కడ రావచ్చో ముందే చూసి అదుపు చేసే పద్ధతి) రికార్డులు రాసేది, ఆడిటర్ వస్తే పక్కన నిలబడి సమాధానం చెప్పేది నేనే. ఫుడ్ కంపెనీ వాడికి కావాల్సిందే ఇది. మీ రెండు పేజీల్లో హాసప్ అన్న మాట ఎక్కడా లేదు, "టీం ప్లేయర్" మాత్రం మూడు చోట్ల ఉంది.

అబద్ధాలైతే ఇంకా ఘోరం. నాలుగేళ్లని ఆరేళ్లు చేశారు. నేను నన్నయ యూనివర్సిటీ కింద బీఎస్సీ ఆక్వాకల్చర్ చేస్తే ఆంధ్రా యూనివర్సిటీ అని పెట్టారు. అడిగితే మీ ఆఫీసులో అమ్మాయి "అందరూ అలాగే పెడతారు సార్, ఎవరు చూస్తారు" అంది. ఎందుకు చూడరండి, పీఎఫ్ ఉన్నవాడికి ఎప్పుడు చేరాడో ఎప్పుడు మానేశాడో యూఏఎన్ (పీఎఫ్ నంబరు) సర్వీస్ హిస్టరీలో ఉంటుంది, హెచ్ఆర్ వాళ్లు అదే అడుగుతున్నారు ఇప్పుడు. బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్ లో దొరికితే ఉద్యోగం పోయేది నాది, మీది కాదు.

"ఏటీఎస్ స్కోర్ 98" అని రంగురంగుల సర్టిఫికెట్ కూడా పంపారు. ఏటీఎస్ అంటే కంపెనీలు రెజ్యూమెలు వడపోసే సాఫ్ట్‌వేర్. ఒక్కో కంపెనీ ఒక్కో సాఫ్ట్‌వేర్ వాడుతుంది, అన్నిటికీ కలిపి ఒక స్కోరు ఎక్కడ నుంచి వచ్చింది? రెండు కాలమ్స్, స్కిల్స్ కి చుక్కల బార్లు, ఫోన్ నంబరు పక్కన బొమ్మలు పెట్టి ఇచ్చారు, ఒక కంపెనీ కెరీర్స్ పేజీలో అప్‌లోడ్ చేస్తే పేరు ఉండాల్సిన గడిలో "టీం ప్లేయర్" వచ్చింది, అడ్రసు గడిలో నా ఫోన్ నంబరు. మొత్తం చెరిపి చేత్తో టైపు చేసుకున్నా. ఒకే కాలమ్ లో మామూలు వర్డ్ ఫైలు ఇచ్చినా ఈ తిప్పలు ఉండేవి కావు.

ఆ పైన జాబ్ సెర్చ్ హెల్ప్ అని నౌకరీ లాగిన్, ఓటీపీ తీసుకున్నారు, నా పేరు మీద గురుగ్రామ్ హోటల్ ఫ్రంట్ ఆఫీసుకీ ఇన్సూరెన్స్ సేల్స్ కీ అప్లై చేశారు, ఆ ఫోన్లు ఇంకా వస్తున్నాయి. చివరికి "కువైట్ లో ఫుడ్ ఫ్యాక్టరీ, 45 వేలు కడితే గ్యారంటీ" అని ఇంకో కాల్. మా వైపు గల్ఫ్ కి ఎవరూ వెళ్లని ఊరు వెతుక్కోవాలండి, ఈ మాటలు మాకు కొత్త కాదు. విదేశానికి మనుషుల్ని పంపే ఏజెంటుకి కేంద్ర ప్రభుత్వ లైసెన్సు ఉండాలి, ప్రభుత్వం వారి ఈమైగ్రేట్ సైట్ లో పేరు కనపడాలి, 30 వేలు ప్లస్ జీఎస్టీకి మించి తీసుకోకూడదు. లైసెన్స్ నంబరు అడిగితే కాల్ కట్.

రిఫండ్ అడిగితే "టెర్మ్స్ లో నో రిఫండ్ ఉంది చూడండి" అన్నారు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం కూడా చూడండి మరి. సర్వీసులో లోపం ఉండి, బిల్లులో గడువు రాయకపోతే 30 రోజుల్లో డబ్బు తిరిగివ్వకపోవడం అన్యాయ వ్యాపార పద్ధతి కిందకే వస్తుంది. అన్నట్టు మీ బిల్లులో 18 శాతం జీఎస్టీ వేశారు కానీ జీఎస్టీ నంబరు లేదు, ఆ టాక్స్ ఎక్కడికి వెళ్లిందో అది కూడా రాయండి.

నాకు కావాల్సింది 5,899 మొత్తం, కట్టిన అకౌంట్ కే. నా రెజ్యూమె, ఫోన్ నంబరు, మార్కుల షీట్లు మీ దగ్గర తీసేశామని రాతపూర్వకంగా చెప్పాలి, నా వివరాలు ఇంకెవరికైనా ఇచ్చి ఉంటే ఎవరికో చెప్పాలి. లాగిన్ పాస్‌వర్డ్ నేనే మార్చేశాను. ఆన్‌లైన్ లో అమ్మేవాళ్లు ఫిర్యాదు అందిందని 48 గంటల్లో చెప్పాలి, నెలలోపు తేల్చాలి, 2020 ఈ-కామర్స్ రూల్స్ లో ఉంది. లేకపోతే 1915 (జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్) కి కాల్ చేసి, అక్కడా తేలకపోతే మా జిల్లా వినియోగదారుల కమిషన్ లో వేస్తాను. మీ ఆఫీసు ఎక్కడున్నా కేసు నేను ఉండే చోటే వెయ్యొచ్చు, 5 లక్షల లోపు వాటికి ఫీజు కూడా లేదు.

ఫోన్ మాత్రం చెయ్యొద్దు. ప్రాసెసింగ్ హాల్లోకి ఫోన్ తీసుకెళ్లనివ్వరు, పైగా ఫోన్లో చెప్పినవి తర్వాత మీరు ఒప్పుకోవట్లేదు. ఏదున్నా ఈ మెయిల్ కే రిప్లై ఇవ్వండి.

ఇట్లు,
మీ కస్టమర్,
ఉండి, పశ్చిమ గోదావరి జిల్లా