2025 వార్షిక నివేదిక: కార్యదర్శి నివేదన

గౌరవ అధ్యక్షులకు, కార్యవర్గానికి, సర్వసభ్య సమావేశానికి వచ్చిన కుటుంబాలన్నిటికీ నమస్కారం.

సంక్రాంతి ముగ్గులు, ఉగాది పంచాంగ శ్రవణం, వేసవి పిక్నిక్, బతుకమ్మ, దీపావళి ఈ ఏడాదీ చక్కగా జరిగాయి. ఉగాదికి అంతమందికీ పులిహోర కలిపిన దంపతులకు, బతుకమ్మకు పెరట్లో బంతిపూలన్నీ కోసిచ్చిన అక్కలకు, ఆదివారం తెలుగు తరగతిని ఓపికగా నడుపుతున్న టీచర్లకు, సౌండ్ సిస్టమ్‌ను ప్రతి కార్యక్రమానికీ తన కారులో మోసుకొచ్చిన తమ్ముడికి సంఘం తరఫున మనఃపూర్వక కృతజ్ఞతలు. పిల్లల దగ్గరికి వచ్చిన అమ్మానాన్నల కోసం మొదలుపెట్టిన నడక బృందం కూడా నిలబడింది. దాన్ని చూసుకుంటున్న మాస్టారికి ప్రత్యేక నమస్కారాలు.

ఇక అక్టోబరులో వేసిన సినిమా. మన సంఘం చరిత్రలో ఇలాంటి సాయంత్రం ఇంకొకటి లేదని నా నమ్మకం. అందుకే వివరంగా రాస్తున్నాను.

మెక్సికో సరిహద్దు పక్కనే శాన్ డియేగోలో ఉంటూ మనం మెక్సికో వాళ్ళ సినిమా ఒక్కటీ కలిసి చూడలేదు. మనలో చాలామందికి సరిహద్దు అవతలి టిహువానా అంటే, అక్కడి అమెరికా కాన్సులేట్‌లో వీసా స్టాంపింగే. సెప్టెంబరులో ఆ దారీ మూసుకుపోయింది. వీసాకు స్వదేశంలో గానీ, నివాసమున్న దేశంలో గానీ దరఖాస్తు చేసుకోవాలని అమెరికా విదేశాంగ శాఖ ప్రకటించింది. జూన్‌లో లాస్ ఏంజిలిస్‌లో ఇమిగ్రేషన్ సోదాలు, నేషనల్ గార్డ్ సైనికుల మోహరింపు చూశాం. ఇలాంటి ఏడాదిలో ‘ఎ డే వితౌట్ ఎ మెక్సికన్’ (మెక్సికన్ లేని రోజు) వేద్దామని ప్రతిపాదించాను. కార్యవర్గంలో సగం మంది వద్దన్నారు. ఒప్పుకున్న మిగతా సగానికి నేను రుణపడి ఉన్నాను.

చూడనివారి కోసం క్లుప్తంగా కథ. 2004లో వచ్చిన ఈ కామెడీకి దర్శకుడు మెక్సికోకు చెందిన సెర్హియో అరావ్. ఆయన భార్య యారెలి అరిస్‌మెండి రచనలో పాలుపంచుకుని, టీవీ రిపోర్టర్ పాత్ర వేశారు. ఒక ఉదయం కాలిఫోర్నియా చుట్టూ గులాబీ రంగు పొగమంచు కమ్ముకుంటుంది. లాటిన్ అమెరికా మూలాలున్న లాటినోలందరూ, అంటే రాష్ట్రంలో మూడో వంతు జనం, మాయమైపోతారు. పొలాల్లో పంట కోసేవాళ్ళుండరు, హోటళ్ళలో గిన్నెలు కడిగేవాళ్ళుండరు. ఉత్తుత్తి డాక్యుమెంటరీలా తీసిన సినిమా ఇది, మధ్యమధ్య తెర మీద లెక్కలు కూడా వేస్తుంది. 1994లో అనుమతి పత్రాలు లేని వలసదారులకు ప్రభుత్వ సేవలు ఆపాలని కాలిఫోర్నియా ఓటర్లు ఆమోదించిన 187వ ప్రతిపాదన నాటి వేడి ఇందులో కనిపిస్తుంది. విడుదలప్పుడు ‘మే 14న కాలిఫోర్నియాలో మెక్సికన్లు ఉండరు’ అని పెట్టిన హోర్డింగుల మీద ఫిర్యాదులు వచ్చాయి. ఇక్కడి విమర్శకులకు పెద్దగా నచ్చలేదు, మెక్సికోలో మాత్రం బాగా ఆడింది.

ప్రదర్శన హక్కుల కోసం మెయిళ్ళు రాసి రాసి విసిగిపోయాం. ఖరారైన హాలును ఆఖరి వారంలో అక్కడి అధికారి ఒకరు చిన్న గదికి మార్చేశారు. కారణం ఇప్పటికీ చెప్పలేదు. ఇంకో మాట రాయక తప్పదు. వాట్సాప్ గ్రూపులో ‘నేనుంటా’ అని రాసినవాళ్ళలో కుర్చీలు వేయడానికి వచ్చినవాళ్ళు నలుగురే. మిగతావాళ్ళు సినిమా మొదలయ్యాక వచ్చి, ముందు వరుస అడిగారు. ఆ నలుగురిలో ఇద్దరు పదో తరగతి పిల్లలు. పెద్దలు గమనించాలి.

హాలు నిండింది. మొదటి అరగంట నవ్వులే. పెరటి గడ్డి కోసేవాడు లేక ఇల్లుగలాయన తికమకపడే చోట మన మగవాళ్ళు కొందరు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. దక్షిణం నుంచి వచ్చినవాళ్ళందరినీ, గ్వాటెమాలా వాళ్ళనీ హోండురాస్ వాళ్ళనీ కూడా, ‘మెక్సికన్లే’ అనేయడం మీద సినిమాలో ఒక వరస జోకులున్నాయి. దానికి అందరికంటే గట్టిగా నవ్వింది మన పెద్దవాళ్ళు. ఉద్యోగమంతా ఉత్తరాదిలో చేసి రిటైరైన తెనాలి బాబాయిగారు ‘మనల్నందరినీ మదరాసీలన్నట్టే కదమ్మా’ అని పైకే అనేశారు.

అసలు ఘట్టం చివర్లో. మాయమైనవాళ్ళు తిరిగొచ్చాక, రాత్రిపూట సరిహద్దు దాటి వస్తున్న కొందరు బోర్డర్ పెట్రోల్, అంటే సరిహద్దు గస్తీ పోలీసుల, చేతికి చిక్కుతారు. ‘మీరు మెక్సికన్లా?’ అని అడిగి, అవునని తెలియగానే ఆ పోలీసులు చప్పట్లు కొట్టి సంబరపడతారు. హాల్లో సగం మంది పకపకా నవ్వారు, సగం మంది కిక్కురుమనలేదు. అంతకుముందే తలుపు దగ్గర నిలబడి చూస్తున్న హాలు కేర్‌టేకర్ గారికి మా కోశాధికారి కుర్చీ వేశారు. అందరికంటే ముందు నవ్వింది ఆయనే.

తర్వాత చర్చ పెట్టాం. అరగంట అనుకున్నది హాలు మూసే వేళ దాకా సాగింది. ఒక సోదరుడు లేచి, ‘మనం లైన్‌లో నిలబడి వచ్చినవాళ్ళం. ఒక్కో దేశానికి ఏడు శాతం కోటాలో గ్రీన్ కార్డు కోసం ఏళ్ళ తరబడి చూస్తున్నాం. దొంగదారిన వచ్చేవాళ్ళ మీద జాలి చూపించే సినిమా మన సంఘం ఎందుకు వేయాలి?’ అన్నారు. ఆయన బాధ నిజమైనది, దాన్ని ఎవరూ తక్కువ చేయలేదు. యూనివర్సిటీలో చదువుతున్న ఒక అమ్మాయికి వేరే అభ్యంతరం. ‘మెక్సికన్లు పనికొస్తారు కాబట్టి ఉండనివ్వాలన్నట్టుంది. పనికి రాకపోతే?’ అంది. సినిమా మీద ఇంతకంటే సూటి విమర్శ నేను వినలేదు. చాలా ఏళ్ళుగా ఇక్కడున్న ఒక అక్కయ్య, సరిహద్దు దగ్గరి శాన్ ఇసిడ్రోలో ఐ-5 ఫ్రీవే పక్కన ఒకప్పుడు ఉండే పసుపు బోర్డును గుర్తుచేశారు. అమ్మా నాన్నా, చేయి పట్టుకుని వెనక పరిగెత్తే జడల పాప. ఫ్రీవేకు అడ్డంగా పరిగెడుతూ వలసదారులు కార్ల కింద పడి చనిపోతుంటే డ్రైవర్లను హెచ్చరించడానికి పెట్టిన బోర్డులవి. 2018 నాటికి చివరి బోర్డు కూడా పోయింది. ‘రోజూ దాని పక్కనుంచే వెళ్ళేదాన్ని, ఆ పాప గురించి ఒక్కసారీ అడగలేదు’ అన్నారామె.

అప్పుడు కేర్‌టేకర్ గారిని మాట్లాడమన్నాం. ఆయన స్పానిష్‌లో చెబుతుంటే మన హైస్కూలు పిల్లాడొకడు తెలుగు చేసి చెప్పాడు. ఆ పిల్లాడికి సంఘం మెమెంటో ఇవ్వాలి. కేర్‌టేకర్ గారి తాత ‘బ్రసెరో’గా వచ్చారట. 1942 నుంచి 1964 దాకా అమెరికా, మెక్సికో ప్రభుత్వాలు ఒప్పందం మీద పొలం పనికి మనుషుల్ని తెచ్చిన పథకం అది. కాగితాలున్నాయి, కాంట్రాక్టు ఉంది, గడువయ్యాక వెనక్కి పోవాలి. మొదటి ఏళ్ళలో జీతంలో పదో వంతు పొదుపు పేరుతో పట్టుకుని, ఇంటికెళ్ళాక ఇస్తామన్నారు. చాలామందికి అందలేదు. వాళ్ళ తాతకూ అందలేదు.

ఇందాక అభ్యంతరం చెప్పిన సోదరుడే వెంటనే అందుకున్నారు. ‘పింఛను కోసం జీతంలోంచి కోసే మన సోషల్ సెక్యూరిటీ కూడా అంతే కదండీ! భారత్‌తో ఒప్పందం లేదు. పదేళ్ళు నిండకుండా తిరిగి వెళ్ళిపోతే కట్టింది కట్టినట్టే పోతుంది’ అన్నారు. ఆ తర్వాత ఆయన, కేర్‌టేకర్ గారు పక్కపక్కన కూర్చుని సమోసాలు తింటూ చాలాసేపు మాట్లాడుకున్నారు. కార్యదర్శిగా ఈ ఏడాది నేను చేసిన పనుల్లో గర్వంగా చెప్పుకునేది ఇదే.

జమాఖర్చుల పట్టిక విడిగా జతచేశాం, ఆడిటర్ గారు సంతకం చేశారు. సినిమా హక్కుల రుసుము వల్ల సాంస్కృతిక పద్దు కొంచెం దాటింది, పిక్నిక్ మిగులుతో సర్దాం. చందా బకాయిలున్నవారు దయచేసి ఈ నెలాఖరులోగా కట్టండి. కోశాధికారి గారు ఫోన్లు చేసి అలసిపోయారు.

సభ ముందు రెండు ప్రతిపాదనలు ఉంచుతున్నాను. ఏటా ఒక మెక్సికన్ సినిమా, ఇరుగుపొరుగు మెక్సికన్ కుటుంబాలను పిలిచి మరీ వేయాలి. మనతో పనిచేసే హాలు సిబ్బందిని, మన ఇళ్ళకు వచ్చే పనివాళ్ళను ఉగాది భోజనానికి అతిథులుగా పిలవాలి, వడ్డన మనం చేయాలి. ఆమోదించేవారు చేతులెత్తడంతో పాటు, వాలంటీర్ల పట్టికలో పేరు, ఏ పని చేస్తారో కూడా ఇవాళే రాసి వెళ్ళవలసిందిగా కోరుతున్నాను.

ఇట్లు,
కార్యదర్శి